లంబకోణ త్రిభుజానికి సౌష్ఠవ రేఖ సున్నానా, ఒకటా? ఏ త్రిభుజానికి ఎన్ని, ఎందుకు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: పాప ఆరో తరగతి. "లంబకోణ త్రిభుజానికి సౌష్ఠవ రేఖలు ఎన్ని?" అని టెస్టులో ఇస్తే 1 అని రాసింది, తప్పు కొట్టి 0 అన్నారు. ఇంటికొచ్చి జామెట్రీ బాక్సులోని మూలమట్టం కాగితం మీద పెట్టి గీసి, కత్తిరించి, మడిచి మీకు చూపిస్తే రెండు సగాలూ చక్కగా కలిశాయి. మరి ఎవరు కరెక్టు, అసలు ఏ త్రిభుజానికి ఎన్ని ఉంటాయి, ఎక్కడ చూసినా 0, 1, 3 అనే ఉంటుంది గానీ 2 ఎందుకు కనిపించదు అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ప్రశ్నే అసంపూర్ణంగా ఉంది. లంబకోణ త్రిభుజం అన్నంత మాత్రాన సౌష్ఠవ రేఖల సంఖ్య తేలదు. కోణాలు 45, 45, 90 అయితే 1. మిగతా ఏ లంబకోణ త్రిభుజానికైనా 0. పాప మడిచింది మొదటి రకం, పేపరు దిద్దినవాళ్ల మనసులో ఉన్నది బహుశా 3, 4, 5 భుజాలున్న రకం. మొత్తం త్రిభుజాలన్నిటికీ కలిపి సూత్రం ఇంతే: మూడు భుజాలూ సమానమైతే 3, సరిగ్గా రెండే సమానమైతే 1, ఏ రెండూ సమానం కాకపోతే 0. రెండు సౌష్ఠవ రేఖలున్న త్రిభుజం లేదు, ఉండదు కూడా. లెక్క భుజాలను చూసి కట్టాలి, లంబకోణం, అల్పకోణం, అధికకోణం అనే పేర్లను చూసి కాదు. మీ పాపకు వచ్చిన చిక్కంతా ఇక్కడిదే.

నేను హైస్కూల్లో చాలా ఏళ్లుగా లెక్కలు చెప్తున్నాను. ఈ పాఠం పిల్లలకు బాగా నచ్చుతుంది, ఎందుకంటే కాగితం మడిస్తే జవాబు వస్తుంది. కానీ పరీక్షలోకి వచ్చేసరికి ఒక పట్టిక బట్టీ పట్టించి వదిలేస్తారు. సమబాహు 3, సమద్విబాహు 1, విషమబాహు 0, లంబకోణ 0. ఆ నాలుగోది ఆ పట్టికలో ఉండాల్సింది కాదు. మొదటి మూడూ భుజాలను బట్టి చేసిన విభజన, నాలుగోది కోణాలను బట్టి చేసినది. రెండు రకాల విభజనలను ఒకే వరుసలో పెడితే పిల్లలు అవి నాలుగు వేర్వేరు జాతులనుకుంటారు. ఒకే త్రిభుజం ఒకేసారి లంబకోణ త్రిభుజమూ సమద్విబాహు త్రిభుజమూ కావచ్చన్న సంగతి వాళ్లకు తట్టదు.

ఇప్పుడు కారణాలు. ఇవి ఆరో తరగతి పిల్లకు కూడా అర్థమవుతాయి, కాస్త ఓపికగా చెప్పండి.

సౌష్ఠవ రేఖ అంటే (కొన్ని పుస్తకాల్లో సౌష్ఠవాక్షం అంటారు) దాని వెంట మడిస్తే ఒక వైపు భాగం రెండో వైపు మీద ఎక్కడా బయటికి రాకుండా, ఎక్కడా తక్కువ కాకుండా కూర్చోవాలి. అలా కూర్చోవాలంటే మూలలు మూలల మీదకే రావాలి కదా. త్రిభుజానికి ఉన్నవి మూడు మూలలు. మడిచినప్పుడు ఒక మూల ఇంకో మూల మీదకు వెళ్లిందంటే ఆ రెండూ జత. మరి మూడోదానికి జత లేదు. అది కదలకుండా ఉన్నచోటే ఉండాలి. మడిచినప్పుడు కదలని చోటు మడత ఒక్కటే. కాబట్టి మూడో మూల మడత మీదే ఉంటుంది. "ఏ జతా లేకుండా మూడు మూలలూ మడత మీదే ఉంటే?" అని ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న. మూడూ ఒకే గీత మీద ఉంటే అక్కడ త్రిభుజమే ఉండదు.

దీన్నుంచి ఒకేసారి మూడు సంగతులు తేలుతాయి. త్రిభుజంలో ప్రతి సౌష్ఠవ రేఖా ఏదో ఒక శీర్షం (అంటే మూల) గుండా పోవాల్సిందే. ఎదురుగా ఉన్న భుజాన్ని సరిగ్గా మధ్యలో, లంబంగా ఖండించాల్సిందే. ఇక ఆ శీర్షం దగ్గర కలిసే రెండు భుజాలు మడిచినప్పుడు ఒకదాని మీద ఒకటి పడతాయి గనుక అవి సమానమై తీరాలి. అంటే సమాన భుజాల జత లేనిచోట సౌష్ఠవ రేఖ ఉండదు. తిరగేసి చూసినా నిజమే. రెండు భుజాలు సమానమైతే వాటి మధ్య కోణాన్ని సగం చేసే గీత వెంట మడవండి, ఒక భుజం రెండోదాని మీద పడుతుంది, పొడవులు ఒకటే కాబట్టి కొసలూ కలుస్తాయి. కాబట్టి సౌష్ఠవ రేఖల్ని లెక్కపెట్టడమంటే సమాన భుజాల జతల్ని లెక్కపెట్టడమే.

రెండు ఎందుకు రాదో ఇప్పుడు ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. మొదటి భుజం రెండోదానికి సమానం, రెండోది మూడోదానికి సమానం అని రెండు జతలు దొరికితే, మొదటిదీ మూడోదీ కూడా సమానమైపోతాయి, మూడో జత దానంతటదే వస్తుంది. జతలు 0 కావచ్చు, 1 కావచ్చు, 3 కావచ్చు, మధ్యలో 2 దగ్గర ఆగడం కుదరదు. "దీర్ఘచతురస్రానికి రెండు ఉన్నాయిగా సార్" అని పిల్లలు అంటారు. ఉన్నాయి. అక్కడ మూలలు నాలుగు, రెండేసి చొప్పున జతకడితే ఎవరూ మిగలరు, అందుకే గీత ఏ మూల గుండానూ పోనక్కర్లేదు, భుజాల మధ్య బిందువుల గుండా పోతుంది. త్రిభుజంలో మూలల సంఖ్య బేసి కావడం వల్లే ఇదంతా.

కోణాల సంగతి. అల్పకోణ త్రిభుజానికి 3 ఉండొచ్చు (60, 60, 60), 1 ఉండొచ్చు (70, 70, 40), 0 కూడా ఉండొచ్చు (50, 60, 70). లంబకోణ త్రిభుజానికి 1 లేదా 0. అధికకోణ త్రిభుజానికీ అంతే, 120, 30, 30 అయితే 1, 110, 40, 30 అయితే 0. చివరి రెండు రకాలకూ 3 ఎప్పుడూ రాదు, ఎందుకంటే 3 రావాలంటే ప్రతి కోణమూ 60 డిగ్రీలే కావాలి. అధికకోణ త్రిభుజానికి ఒక సౌష్ఠవ రేఖ ఉండొచ్చు అంటే చాలామంది పెద్దవాళ్లే నమ్మరు. ఎడమకో కుడికో వాలినట్టు గీసిన బొమ్మే ఎప్పుడూ చూసి ఉంటారు, అందుకని. పెంకుటింటి కప్పును ముందు వైపు నుంచి చూడండి. వెడల్పాటి అధికకోణం, రెండు వైపులా సమానమైన వాలు, నడి నెత్తి నుంచి నిలువుగా ఒక గీత.

భుజాలను బట్టి మూడుగా విభజించడం మన దగ్గర పాతదే. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో ఉన్న మహావీరాచార్యుడు త్రిభుజాలను సమ, ద్విసమ, విషమ అని విడదీశాడు. ఆయన గణిత గ్రంథాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. 3, 1, 0 అనే మన లెక్క అచ్చంగా ఈ విభజన మీదే కూర్చుంటుంది.

ఇక పిల్లలు ఎక్కడెక్కడ పడిపోతారో చెప్తాను.

మధ్యగత రేఖను (ఒక శీర్షం నుంచి ఎదుటి భుజం మధ్యకు గీసిన గీతను) సౌష్ఠవ రేఖ అనుకోవడం. ఇది అన్నిటికంటే ఎక్కువ. "రెండు సమాన భాగాలు చేసే గీత సౌష్ఠవ రేఖ" అని పిల్లలకు నేర్పితే వాళ్లు ఏ త్రిభుజానికైనా మూడు గీతలు గీసేస్తారు, ఎందుకంటే ఏ మధ్యగత రేఖైనా వైశాల్యాన్ని సగం చేస్తుంది. వైశాల్యం సగమవడం వేరు, అద్దంలో ప్రతిబింబంలా కలవడం వేరు. పొలం ఉదాహరణ తీసుకోండి. 30, 40, 50 గజాల భుజాలతో లంబకోణ త్రిభుజాకారంలో ఒక ముక్క ఉంది, వైశాల్యం 600 చదరపు గజాలు. ఇద్దరు అన్నదమ్ములు పంచుకోవాలి. 50 గజాల గట్టు మధ్యలో రాయి పాతి, లంబకోణం ఉన్న మూల నుంచి అక్కడికి తాడు లాగితే చెరో 300 చదరపు గజాలు వస్తాయి, పంపకం న్యాయమే. కానీ ఆ తాడు వెంట మడిస్తే ఒక ముక్క రెండోదాని మీద కూర్చోదు, ఆకారాలు వేరు. ఈ పొలం దగ్గరికి మళ్లీ వస్తాను, ఇందులో ఇంకో అందమైన సంగతి ఉంది.

సమద్విబాహు త్రిభుజంలో మాత్రం సమాన భుజాలు కలిసే శీర్షం నుంచి గీసిన మధ్యగత రేఖ, లంబం, కోణ సమద్విఖండన రేఖ, ఎదుటి భుజానికి లంబ సమద్విఖండన రేఖ నాలుగూ ఒకే గీత. అదే సౌష్ఠవ రేఖ. మిగతా రెండు శీర్షాల నుంచి గీస్తే ఈ గీతలు మళ్లీ విడిపోతాయి. విషమబాహు త్రిభుజంలో ఏ శీర్షం దగ్గరా కలవవు. మీ పాప ఎనిమిదికో తొమ్మిదికో వచ్చేసరికి గురుత్వ కేంద్రం, అంతర వృత్త కేంద్రం, పరివృత్త కేంద్రం, లంబ కేంద్రం అని నాలుగు పేర్లు వస్తాయి, టెన్షన్ పడతారు. సమద్విబాహు త్రిభుజంలో ఆ నాలుగూ సౌష్ఠవ రేఖ మీదే ఉంటాయి, సమబాహు త్రిభుజంలో నాలుగూ ఒకే బిందువు. ఇప్పుడు ఈ పాఠం సరిగ్గా పట్టుకుంటే అప్పుడు బట్టీ పట్టాల్సింది చాలా తగ్గిపోతుంది.

గీత నిలువుగానే ఉండాలనుకోవడం. పుస్తకంలో సమద్విబాహు త్రిభుజం ఎప్పుడూ నిటారుగా, భూమి కింద పెట్టుకుని నిలబడి ఉంటుంది. అదే బొమ్మను పక్కకు పడుకోబెట్టి ఇవ్వండి, సగం మంది నిలువు గీత గీస్తారు. 45 డిగ్రీల మూలమట్టాన్ని లంబకోణం ఎడమ చేతి వైపు కింద వచ్చేట్టు పెడితే సౌష్ఠవ రేఖ ఏటవాలుగా, ఆ మూల నుంచి కర్ణం (లంబకోణానికి ఎదుటి భుజం) మధ్యకు పోతుంది. నిలువు, అడ్డం మాత్రమే చూడటం అలవాటైనవాళ్లు అక్కడ గీత లేదని 0 రాస్తారు. మీ పాప టీచరు విషయంలోనూ ఇదే జరిగి ఉండొచ్చు. లంబకోణ త్రిభుజాన్ని మనం ఎప్పుడూ అలాగే గీస్తాం కదా, ఒక భుజం కింద, ఒక భుజం నిలువుగా.

గ్రాఫ్ కాగితం చేసే మోసం. గళ్ల కాగితం మీద సమబాహు త్రిభుజం గీయమంటే పిల్లలు అడుగున 8 గళ్లు, ఎత్తు 7 గళ్లు తీసుకుంటారు, చూడ్డానికి అచ్చం సమబాహు త్రిభుజమే. పక్క భుజం కొలిస్తే √65, అంటే సుమారు 8.06. భూమి 8. కాబట్టి దానికి సౌష్ఠవ రేఖ ఒక్కటే. ఇది ఆ ఒక్క బొమ్మతో పోయేది కాదు. మూడు శీర్షాలూ గళ్ల మూలల మీదే పెట్టి సమబాహు త్రిభుజం గీయడం ఎంత పెద్ద గ్రాఫ్ కాగితం మీదైనా అసాధ్యం. గళ్ల మూలల మీద శీర్షాలున్న త్రిభుజం వైశాల్యం ఎప్పుడూ పూర్ణ సంఖ్య గానీ, దానికి ఒక అర కలిపినది గానీ వస్తుంది. సమబాహు త్రిభుజం వైశాల్యమేమో భుజం వర్గాన్ని √3 తో గుణించి 4తో భాగిస్తే వచ్చేది, అక్కడ భుజం వర్గం పూర్ణ సంఖ్య, √3 కరణీయ సంఖ్య, అంటే భిన్నంగా రాయలేనిది. రెండూ ఒకటి కావు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు దీన్ని సవాలుగా ఇవ్వండి, ఒక పీరియడంతా గీస్తూనే ఉంటారు. ఆరో తరగతి వాళ్లకు మాత్రం బొమ్మ మీద 'మూడు భుజాలూ సమానం' అని గుర్తులు ఉంటేనే 3 రాయమని చెప్పండి, కంటిచూపుతో నిర్ణయించొద్దు.

లోపల బొమ్మ ఉంటే లెక్క మారుతుంది. రోడ్డు పక్కన హెచ్చరిక బోర్డులు ఎర్ర అంచు ఉన్న సమబాహు త్రిభుజాలు. ఖాళీ త్రిభుజానికి 3. లోపల నాలుగు రోడ్ల కూడలి గుర్తు ఉంటే 1. మలుపు బాణం ఉంటే 0. తలకిందులుగా ఉండే 'దారి ఇవ్వండి' బోర్డులో లోపల ఏ బొమ్మా ఉండదు, దానికి 3. బడికి వెళ్లే దారిలో వీటిని లెక్కపెట్టమనండి. శ్రీచక్రం కూడా ఇలాంటిదే. చుట్టూ ఎనిమిది రేకులు, పదహారు రేకులు, బయట చదరం చూసి దానికి చాలా సౌష్ఠవ రేఖలు ఉంటాయనుకుంటాం. లోపల ఉన్నవి పైకి చూసే 4, కిందికి చూసే 5, మొత్తం 9 త్రిభుజాలు, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది నిలువు గీత ఒక్కటే. బయట ఎన్ని ఉన్నా లోపలివాటికి కూడా సరిపోయినవే మిగులుతాయి, కాబట్టి మొత్తం బొమ్మకు 1.

నిర్వచనం దగ్గర తకరారు. "సమద్విబాహు త్రిభుజానికి ఒకే సౌష్ఠవ రేఖ ఉంటుంది, తప్పా ఒప్పా?" అని అడిగితే ఏం రాయాలి? ప్రాచీన గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ నిర్వచనంలో సమద్విబాహు అంటే రెండు భుజాలు మాత్రమే సమానం, ఆ లెక్కన ఒప్పు. ఇప్పుడు గణితంలో ఎక్కువగా వాడేది 'కనీసం రెండు భుజాలు సమానం' అనే నిర్వచనం, అప్పుడు సమబాహు త్రిభుజం కూడా సమద్విబాహు త్రిభుజాల్లో ఒకటవుతుంది, దానికి 3 ఉన్నాయి గనుక వాక్యం తప్పు. నేనైతే రెండో నిర్వచనమే మేలంటాను, ఎందుకంటే సమద్విబాహు త్రిభుజం గురించి రుజువు చేసిన ప్రతిదీ సమబాహు త్రిభుజానికి మళ్లీ రుజువు చేయనక్కర్లేకుండా వర్తిస్తుంది. కానీ పాప చదివే పుస్తకంలో ఏది ఉంటే పరీక్షలో అదే పట్టుకోండి.

ఇప్పుడు చేతులతో చేసేవి. ఇవి తప్పకుండా చేయించండి, పట్టిక కన్నా ఇవే గుర్తుంటాయి.

ఒక ఏ4 కాగితం నిలువుగా తీసుకోండి. అడుగు అంచు 21 సెం.మీ. ఉంటుంది, దాని రెండు కొసల్ని ఏ, బి అనుకుందాం. ఏ కొసను బి మీదకు తెచ్చి నిలువునా మడిచి విప్పండి, మధ్యలో ఒక మడత పడుతుంది. ఇప్పుడు ఏ దగ్గర కదలకుండా పట్టుకుని, బి మూలను ఎత్తి ఆ మధ్య మడత మీద పడేట్టు మడవండి. అది ఎక్కడ తాకిందో అక్కడ చుక్క పెట్టి సి అని రాసి, మళ్లీ విప్పండి. ఏ, బి, సి కలిపితే సమబాహు త్రిభుజం, స్కేలూ వృత్తలేఖినీ ఏవీ అక్కర్లేదు. ఎందుకంటే సి మధ్య మడత మీద ఉంది కాబట్టి ఏ, బి లకు సమదూరంలో ఉంది. బి వెళ్లి సి మీద కూర్చుంది కాబట్టి ఏ నుంచి బి ఎంత దూరమో సి అంత దూరం. మూడూ సమానమే. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, మీరు వేసిన ఆ రెండు మడతలూ త్రిభుజానికి సౌష్ఠవ రేఖలే. బి దగ్గర పట్టుకుని ఏ ను సి మీదకు తెస్తే మూడోది కూడా పడుతుంది, మూడూ ఒకే చోట ఖండించుకుంటాయి. రెండు సౌష్ఠవ రేఖలు వచ్చాయంటే మూడోది రాక తప్పదని పైన చెప్పానే, అది ఇక్కడ కళ్లముందు జరుగుతుంది.

రెండోది మూలమట్టాలతో. జామెట్రీ బాక్సులో రెండు ఉంటాయి, 45-45-90 ఒకటి, 30-60-90 ఒకటి. మొదటిదానికి సౌష్ఠవ రేఖ 1, రెండోదానికి 0. పక్కింటి పిల్లల బాక్సులోంచి అదే సైజు 30-60-90 ఇంకొకటి తీసుకుని, ఒకదాన్ని తిరగేసి, లంబకోణం పక్కన ఉన్న రెండు భుజాల్లో పొడుగుది కలిసేట్టు పక్కపక్కనే పెట్టండి. సమబాహు త్రిభుజం వస్తుంది, 3 రేఖలు. పొట్టి భుజం కలిపి పెట్టండి, 120-30-30 వస్తుంది, 1 రేఖ. సౌష్ఠవమే లేని ముక్కను దాని ప్రతిబింబంతో జతచేస్తే సౌష్ఠవం పుడుతుంది, అతుకు పడిన చోటే సౌష్ఠవ రేఖ. ప్రతి సమద్విబాహు త్రిభుజమూ ఇలా ఒక లంబకోణ త్రిభుజం, దాని ప్రతిబింబం కలిసి తయారైనదే.

ఇదే పని 3-4-5 త్రిభుజంతో చేయండి. రెండు ముక్కల్ని 4 భుజం వెంట కలిపితే 5, 5, 6 వస్తుంది. 3 భుజం వెంట కలిపితే 5, 5, 8. మొదటిది అల్పకోణ త్రిభుజం, రెండోది అధికకోణ త్రిభుజం, చూడ్డానికి పోలికే ఉండదు, కానీ రెండిటి వైశాల్యమూ 12, అవే రెండు ముక్కలు కదా.

పొలం దగ్గరికి మళ్లీ వస్తానన్నాను. 30, 40, 50 పొలంలో లంబకోణం మూల నుంచి కర్ణం మధ్యకు లాగిన తాడు పొడవు సరిగ్గా 25 గజాలు. లంబకోణ త్రిభుజం ఏదైనా సరే, కర్ణం మధ్య బిందువు మూడు శీర్షాలకూ సమదూరంలో ఉంటుంది. అంటే అన్నకు వచ్చిన ముక్క భుజాలు 25, 25, 30, తమ్ముడిది 25, 25, 40. రెండూ సమద్విబాహు త్రిభుజాలే! ఇందాకటి 5, 5, 6 నూ 5, 5, 8 నూ అయిదు రెట్లు చేసినవే ఇవి. మొత్తం పొలానికి ఒక్క సౌష్ఠవ రేఖ లేదు, పంచుకున్న ముక్కలకు మాత్రం చెరొకటి ఉంది. ఇలా రెండు ముక్కలూ సమద్విబాహు త్రిభుజాలు కావడం 3-4-5 కే కాదు, ఏ లంబకోణ త్రిభుజానికైనా నిజం. పాప చేత కాగితం మీద చేయించండి. లంబకోణ త్రిభుజం కత్తిరించి, రెండు చిన్న కోణాల మూలల్ని రెండు వైపుల నుంచి మడిచి లంబకోణం మూల మీదకు తెమ్మనండి. ఆ రెండు మడతలే ఆ రెండు ముక్కల సౌష్ఠవ రేఖలు, త్రిభుజం కాస్తా రెండు పొరల దీర్ఘచతురస్రం అయిపోతుంది. ఆ రెండు చిన్న కోణాలూ కలిసి లంబకోణాన్ని నింపేస్తాయి, వాటి మొత్తం 90 అని విడిగా చెప్పనక్కర్లేదు.

భ్రమణ సౌష్ఠవం గురించి మీరు అడగలేదు గానీ ఏడో తరగతిలో వస్తుంది కాబట్టి రెండు ముక్కలు. సమబాహు త్రిభుజాన్ని 120 డిగ్రీలు తిప్పితే తనలా తను కనిపిస్తుంది, ఒక పూర్తి చుట్టులో మూడుసార్లు. మిగతా త్రిభుజాలన్నీ పూర్తి చుట్టు తిరిగితే తప్ప కలవవు. సౌష్ఠవ రేఖ లేకుండా భ్రమణ సౌష్ఠవం ఉన్న త్రిభుజం లేదు. దీర్ఘచతురస్రమో సమచతుర్భుజమో కాని సమాంతర చతుర్భుజానికి మాత్రం అలా ఉంటుంది, రేఖలు 0, కానీ 180 డిగ్రీలు తిప్పితే కలుస్తుంది. పిల్లలు ఈ రెండిటినీ కలిపేసుకుంటారు, అక్కడ కాస్త జాగ్రత్త.

ఇదంతా చిన్న పిల్లల మడతల ఆట అని తీసేయొద్దు. తొమ్మిదో తరగతిలో 'సమాన భుజాలకు ఎదుటి కోణాలు సమానం' అనే సిద్ధాంతం వస్తుంది. యూక్లిడ్ 'ఎలిమెంట్స్' మొదటి పుస్తకంలో అది అయిదో ప్రతిపాదన, అక్కడ అదనపు గీతలు గీసి చాలా దూరం తిరిగి రుజువు చేస్తాడు. తర్వాత 4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన పాపస్ అనే గణితజ్ఞుడు ఒక్క గీత కూడా గీయకుండా చెప్పాడు: త్రిభుజం ఏబీసీని, దాన్నే తిరగేసిన ఏసీబీని రెండు త్రిభుజాలుగా చూడు, ఏబీ ఏసీ సమానం, మధ్య కోణం ఒకటే, కాబట్టి అవి సర్వసమానాలు, కాబట్టి బి, సి కోణాలు సమానం. త్రిభుజం తన ప్రతిబింబానికి తానే సర్వసమానం అన్నమాట. మీ పాప మూలమట్టం గీసి, మడిచి చూపించినప్పుడు చేసింది ఈ వాదనే, కాకపోతే చేతులతో. నాకు ఇందుకే ఆ 'తప్పు' గుర్తు బాధ కలిగించింది.

ఆసక్తి ఉన్న పెద్ద పిల్లలకు ఇంకొకటి. త్రిభుజంలో రెండు లంబాలు సమానమైతే అది సమద్విబాహు అని సులువుగా రుజువు చేయొచ్చు, రెండు మధ్యగత రేఖలు సమానమైనా అంతే. రెండు కోణ సమద్విఖండన రేఖలు సమానమైతే? అప్పుడూ సమద్విబాహే, సౌష్ఠవ రేఖ ఉంటుంది, కానీ రుజువు మొండికేస్తుంది. 1840లో లేమస్ అనే ఆయన దీనికి శుద్ధ జ్యామితీయ రుజువు కావాలని స్టర్మ్ అనే గణితజ్ఞుడికి ఉత్తరం రాశాడు, దాన్ని సాధించిన తొలివారిలో స్టైనర్ ఒకడు, అందుకే వాళ్లిద్దరి పేరుతో స్టైనర్-లేమస్ సిద్ధాంతం అంటారు. ప్రయత్నించి చూడమనండి, కష్టపడితే పడనివ్వండి.

ఇక మీ అసలు సమస్య, మార్కు. గొడవ పెట్టుకోకండి, టీచరుగారి దగ్గరికి పాపను తీసుకెళ్లి, ఆ కత్తిరించిన కాగితం చూపించి "ఇదీ లంబకోణ త్రిభుజమే కదండీ" అని మామూలుగా అడగండి. ఎక్కువమంది టీచర్లు చూడగానే ఒప్పుకుంటారు, ప్రశ్నపత్రం తయారు చేసేటప్పుడు పాత పట్టిక చూసి పెట్టేసి ఉంటారు, అంతే. మార్కు ఇచ్చినా ఇవ్వకపోయినా మళ్లీ ఇలాంటి ప్రశ్న వస్తే ఒకే అంకె రాయొద్దని పాపకు చెప్పండి. "సమద్విబాహు లంబకోణ త్రిభుజమైతే 1, కాకపోతే 0" అని పూర్తిగా రాయమనండి. ఒకే అంకె ఎంచుకోవాల్సిన బిట్ పేపరైతే, బొమ్మ ఇచ్చారేమో, భుజాల మీద సమానం అనే గుర్తులున్నాయేమో చూసుకోమనండి. ఏమీ లేకపోతే అలాంటి బిట్‌లో వాళ్లు ఆశించేది 0 అనే అనుకోవచ్చు, ఎందుకంటే ప్రత్యేకంగా చెప్పకపోతే సాధారణ లంబకోణ త్రిభుజం అన్నట్టే తీసుకుంటారు.

పాపకు అభ్యాసానికి కొన్ని ఇస్తున్నాను, అన్నిటికీ బొమ్మ గీయకుండా సౌష్ఠవ రేఖలు ఎన్నో చెప్పాలి. రెండు కోణాలు 70, 55 ఉన్న త్రిభుజం. రెండు భుజాలు ఏడేసి సెం.మీ., చుట్టుకొలత 21 సెం.మీ. ఉన్న త్రిభుజం. ఒక భుజం 4, ఇంకోటి 9 ఉన్న సమద్విబాహు త్రిభుజం, దీనికి మూడో భుజం ఎంతో కూడా చెప్పాలి. చివరిది, సరిగ్గా ఒకే సౌష్ఠవ రేఖ ఉండి ఒక కోణం 40 డిగ్రీలున్న త్రిభుజం, దీని మిగతా కోణాలు రెండు రకాలుగా రావచ్చు, రెండూ కావాలి. జవాబులు కింద రాయించండి, నేను చూస్తాను.